మెదడు ధమనులలో తీగచుట్టలు

హైదరాబాదు పాతబస్తీ అంచున, కంచన్‌బాగులో, క్షిపణులను, వానికి కావలసిన లోహములను పరిశోధించు ప్రయోగశాలలు గలవు. అచ్చట క్షిపణుల పనికి సారథ్యము వహించిన అబ్దుల్ కలామ్, హృద్రోగ నిపుణులు సోమరాజుతో కలిసి 1990 దశకములో చౌకయైన స్టెంటు నొకదానిని రూపొందించిరి. గుండె ధమని ఇరుకైనచోట దానిని తెరచి పట్టు లోహపు అల్లిక గొట్టమే స్టెంటు. మెదడు ధమనులలో ఇందుకు విరుద్ధమైన చిక్కు కలుగును. అచ్చట తెరువవలసినది కాదు, పూడ్చవలసినది ఉండును.

సైకిలు టైరు అరిగినచోట లోపలి ట్యూబు బుడగవలె ఉబుకుట విద్యార్థులు చూచియే యుందురు. ధమని గోడ బలహీనమైనచోట రక్తపు ఒత్తిడికి ఏర్పడు ఇట్టి బుడగనే ఎన్యూరిజమ్ అందురు. ఒత్తిడి మారకున్నను, బుడగ వ్యాసార్ధము పెరిగినకొలది గోడపై లాగుడు పెరుగును, గోడయో పలుచనగుచుండును. అది పగిలినచో మెదడు చుట్టును రక్తము చిమ్మును. ఎన్నడు నెరుగనంతటి తలనొప్పి ఒక్కసారిగా వచ్చును. అట్టివారిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

పూర్వము పుర్రె తెరచి బుడగ మెడకు క్లిప్పు వేయుటయే చికిత్స. 1990లో గూలియెల్మీ అను ఇటలీ వైద్యుడు లాస్ ఏంజిలీసులో పుర్రె తెరువకయే పని నెరవేర్చెను. తొడ మొదటనున్న ధమనిగుండా సన్నని గొట్టమును మెదడువరకు నడిపి, బుడగలో ప్లాటినపు తీగచుట్టను నింపెను. చుట్టను విడదీయుటకు కత్తెర అక్కరలేదు. స్వల్పమైన విద్యుత్తు నిచ్చినపుడు ఉక్కు అతుకు రక్తములో కరగిపోవును, ప్లాటినము కరగదు. తరగతిలో చెప్పు విద్యుద్విశ్లేషణమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట అరుదు!

ఐనను, ఎంత కూరినను లోహము బుడగలో సుమారు నాలుగవ వంతు మాత్రమే నిండును. మిగిలినది గడ్డకట్టిన రక్తము. ఆ గడ్డ నారకండగా మారనిచో రక్తప్రవాహము చుట్టను నొక్కివేసి, బుడగ మరల తెరచుకొనవచ్చును. అందుచే, కరగిపోవు కుట్టుదారముల పదార్థమునే చుట్టలకు పూసి, శరీరమును మాన్పుపనికి పురికొల్పజూచిరి. పందులలో దళసరి కండ పెరిగినది. మనుష్యులలో మాత్రము, పోల్చి చూచిన పెద్ద పరీక్షలలో, పూత చుట్టలు వట్టి ప్లాటినముకంటె మెరుగని తేలలేదు. పందిలో కృత్రిమముగా కుట్టిన బుడగ తనంతట తానే మానగలదు. మనిషి బుడగ గోడ రోగగ్రస్తమైనది.

గుండె స్టెంటులకు నేడు కణముల పెరుగుదలను అణచు మందు పూయుచున్నారు. మెదడు బుడగలో కణములను రమ్మని పిలువవలెను. బుడగ మెడకు అడ్డముగా ధమనిలోనే సన్నని అల్లిక గొట్టము నుంచు నేటి పద్ధతిలో ఈ రెండును ఒకేచోట ఎదురగును. అల్లికకు ఆవల రక్తము గడ్డకట్టవలెను. వెంట్రుకవాసి ఈవల గడ్డకట్టరాదు. అందుకే ఆ రోగులు రక్తము గడ్డకట్టకుండు మాత్రలు నెలల తరబడి మ్రింగవలసివచ్చును.