బొచ్చు నుండి ఏకు దాకా

చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె మొదలు అనంతపురం జిల్లా రాయదుర్గం, కళ్యాణదుర్గం దాకా పరచుకొన్న మెట్టసీమలో గొర్రెల పెంపకం, గొంగడి నేత కురుబలకు తరతరాల వృత్తి. గొంగడి అనగానే మగ్గమే స్ఫురించడం సహజం. కాని దాని మన్నిక, ఉన్ని కదురుకు ఎక్కకముందే చాలావరకు నిర్ణయమైపోతుంది.

ఈ సీమలోని దక్కనీ గొర్రెకు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. రెండు కోతలూ కలిపినా గొర్రెకు కిలో ఉన్ని రాదు. కనుక పీచు వృథా కారాదు. ముందుగా మందను చెరువులోనో వాగులోనో దింపి కడుగుతారు. ఒళ్ళు పూర్తిగా ఆరిన పిదపనే కత్తెర పడాలి. తడి ఉన్నిని మూట కడితే మాగిపోతుంది. కత్తెర చర్మానికి ఆనుకొని ఒకే విడత సాగాలి. పైపైన కత్తిరించి, మిగిలిన మొదళ్ళను మరల కత్తిరించినచో పొట్టి పీచులు కలుస్తాయి. అవి పురిలో నిలవక నూలుపై ఉండలుగా తేలుతాయి.

తరువాతిది ఏరివేత. పొట్ట కింది మురికి బొచ్చును, పల్లేరుకాయలు చిక్కుకొన్న ముద్దలను తీసివేస్తారు. నలుపు, తెలుపు, బూడిద వన్నెలను వేరు చేస్తారు. అద్దకం లేకుండానే గొంగడికి చారలు అమరేది ఈ వేర్పాటు వల్లనే. గొర్రెపిల్ల మొదటి కోత బొచ్చు అన్నింటికన్న మెత్తన. తెలిసినవారు దానిని విడిగా దాచుకొంటారు.

కొత్తవారు చెడగొట్టేది ఉతుకుడు దగ్గర. మెరినో ఉన్నికి జిడ్డు అధికం గనుక వేడినీరు, సబ్బు తప్పవు. దక్కనీ ఉన్నికి జిడ్డు స్వల్పం, చన్నీరు చాలు. ఉన్ని పీచుపై కంటికి ఆనని పొలుసులుంటాయి. వేడినీటిలో పిసికితే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్ని ముద్ద కడుతుంది. అట్లా ముద్ద కట్టినదానిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆరిన ఉన్నిని మొదట వేళ్ళతో విప్పి, పిదప ఏకుతారు. బిగించిన వింటినారిని ఉన్నికి తాకించి మీటితే, ఆ అదురుకు పీచులు విడివడి దుమ్ము కిందికి రాలుతుంది. దూదేకులవారి విల్లు పనిచేసేదీ ఈ తీరుగానే. ఇనుప పళ్ళు గల రెండు పలకల నడుమ దువ్వే పద్ధతీ ఉంది. విడివడిన ఉన్నిని వదులుగా చుట్టినదే ఏకు. ‘ఏకు మేకైనట్లు’ అన్న సామెతలోని మెత్తదనం దీనిదే.

ఇంత శ్రమకు తగిన వెల నేడు లేదు. మాంసపు గిరాకీ వల్ల బొచ్చు లేని నెల్లూరు జాతితో సంకరం పెరిగి, ఉన్నినిచ్చే మందలు తగ్గినవి. ఉన్ని ధర కత్తిరింపు కూలికే చాలక, కోసిన బొచ్చును పొలంలోనే వదిలివేసే కాపరులు ఉన్నారు. ఏకే యంత్రాలు వచ్చినచోట విల్లు మూలకు చేరింది. ఏరివేత మాత్రం ఇంకను చేతిపనే. అది తెలిసినవారిలో అధికులు వయసు మళ్ళిన స్త్రీలు.