స్థూపం – మన హాస్టల్‌లో, మన చుట్టూ

గణితం అనగానే మనలో చాలామందికి భయం. అది పరీక్షల కోసమే తప్ప బతుకులో పనికిరాదని అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. కాని పదో తరగతి క్షేత్రమితి పాఠంలోని స్థూపం మా హాస్టల్‌లో ఒక తగాదాను తీర్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా స్థూపం అంటే ఏమిటో చూద్దాం. పైన, కింద సమానమైన రెండు వృత్తాలు, వాటిని కలుపుతూ చుట్టూ ఒక వంపు తలం ఉంటే అది స్థూపం. అమరావతి బౌద్ధ స్తూపం వేరు. దాని పై భాగం బోర్లించిన గిన్నెలా అర్ధగోళంగా ఉండేది. స్నానాల బకెట్ కూడా స్థూపం కాదు. అది పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. నీళ్ల డ్రమ్ము, గ్యాస్ సిలిండర్, బోరు పైపు, బావి ఒర, చపాతీ కర్ర, రోడ్డు రోలరు చక్రం – ఇవన్నీ ఇంచుమించు స్థూపాలే.

ఇక తగాదా సంగతి. మా స్నానాల గదుల దగ్గర రెండు డ్రమ్ములున్నాయి. పొట్టిగా, లావుగా ఉన్నది పెద్ద తరగతుల వాళ్లది. పొడుగ్గా, సన్నగా ఉన్నది చిన్న తరగతుల వాళ్లది. రెండు వైపులా పిల్లల సంఖ్య సమానమే. కాని రోజూ చిన్నవాళ్ల డ్రమ్మే ముందు ఖాళీ అయ్యేది. "మీ డ్రమ్ము అంత పొడుగ్గా ఉంది, అయినా నీళ్లు చాలవా? దుబారా చేస్తున్నారు" అని వాళ్లను తిట్టేవాళ్లం. కొందరు చిన్నపిల్లలు స్నానం లేకుండానే బడికి వెళ్లేవారు.

పాఠం విన్న రోజు సాయంత్రం మేము డ్రమ్ముల చుట్టూ తాడు చుట్టి, ఆ తాడును స్కేలుతో కొలిచాం. లావు డ్రమ్ము చుట్టుకొలత 176 సెం.మీ. అంటే వ్యాసార్ధం 28 సెం.మీ. ఎత్తు 84 సెం.మీ. సన్న డ్రమ్ము చుట్టుకొలత 132 సెం.మీ., వ్యాసార్ధం 21 సెం.మీ., ఎత్తు 98 సెం.మీ.

స్థూపం ఘనపరిమాణం కావాలంటే వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో గుణించి, దాన్ని 22/7తో, ఆపైన ఎత్తుతో గుణించాలి. వెయ్యి ఘనపు సెంటీమీటర్లు ఒక లీటరు. లెక్క వేస్తే లావు డ్రమ్ములో దాదాపు 207 లీటర్లు, సన్న డ్రమ్ములో దాదాపు 136 లీటర్లే! 15 లీటర్ల బకెట్లతో కొలిస్తే ఒకవైపు పద్నాలుగుకు కొంచెం తక్కువ, మరోవైపు తొమ్మిది. దుబారా ఎవరూ చేయలేదు. తప్పు మా కళ్లది.

కన్ను ఎత్తునే చూస్తుంది. లెక్కలో ఎత్తు ఒక్కసారే వస్తుంది, వ్యాసార్ధం రెండుసార్లు వస్తుంది. ఎత్తు రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు అవుతాయి. వ్యాసార్ధం రెట్టింపు చేస్తే నాలుగు రెట్లవుతాయి. 44 సెం.మీ. పొడవు, 22 సెం.మీ. వెడల్పు ఉన్న అట్టను తీసుకొని మీరే చూడండి. పొడవు చుట్టుకొలతగా వచ్చేలా చుడితే 3388 ఘ.సెం.మీ. పడుతుంది. వెడల్పు చుట్టుకొలతగా వచ్చేలా చుడితే 1694 మాత్రమే. అట్ట అదే, పట్టేది సగం!

ఇప్పుడు చిన్నవాళ్ల డ్రమ్మును ఒకసారి నిండుగా, మరోసారి సగానికి నింపుతున్నాం. మొత్తం 204 లీటర్లు. నిలబెట్టిన స్థూపంలో సగం ఎత్తు అంటే సరిగ్గా సగం నీళ్లు. అందుకే డ్రమ్ము మీద రంగుతో ఒక గీత గీస్తే సరిపోయింది.

గ్యాస్ సిలిండర్ కూడా గుండ్రంగా ఉండటానికి కారణం ఉంది. ఇళ్లలో వాడే పెద్ద సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్‌ను ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. ఆ ఒత్తిడి లోపలి నుంచి అన్ని వైపులకూ తోస్తుంది. డబ్బా పలకలుగా ఉంటే పలకలు ఉబ్బుతాయి, మూలల దగ్గర బలం ఎక్కువ పడుతుంది. గుండ్రని గోడలో మూలలే ఉండవు. పైన, కింద కూడా చదునుగా కాక ఉబ్బెత్తుగా చేసేది అందుకే. బావి ఒరకు ఒత్తిడి బయటి మట్టి నుంచి వస్తుంది. గుండ్రంగా ఉండటం వల్ల అది చుట్టూ సర్దుకుంటుంది.

మోటారు సైకిల్ ఇంజనులో పిస్టన్ కదిలేది స్థూపంలోనే. వంద సీసీ బండ్లలో ఒక రకానికి దాని వ్యాసం 5 సెం.మీ., పిస్టన్ కదిలే దూరం 4.95 సెం.మీ. లెక్కిస్తే సుమారు 97 ఘ.సెం.మీ. వస్తుంది. సీసీ అంటే ఘనపు సెంటీమీటరే.

క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమెడిస్, స్థూపంలో సరిగ్గా పట్టే గోళం ఘనపరిమాణం ఆ స్థూపంలో మూడింట రెండు వంతులని నిరూపించాడు. తన సమాధి మీద ఆ బొమ్మే ఉండాలని కోరుకున్నాడట. క్రీ.పూ. 75లో సిసెరో అనే రోమన్ అధికారి ఆ బొమ్మను చూసే, పొదల్లో మరుగునపడిన సమాధిని గుర్తుపట్టాడు.

మిత్రులారా! మా చేతిలో ఉన్నవి ఒక తాడు, ఒక స్కేలు, ఒక పాఠం. వాటితోనే చిన్న తమ్ముళ్లకు అన్యాయం జరుగుతోందని తెలిసింది. వాళ్లను తిట్టినందుకు సిగ్గుపడ్డాం. ఎవరినైనా నిందించే ముందు ఒకసారి కొలిచి చూద్దాం.

– పదో తరగతి విద్యార్థులు