మీకు తెలుసా? రోళ్లు పగిలే ఎండలోనూ సీసానికి అచ్చు చల్లనే!

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం... నెల్లూరు తీరంలో ఏ ఊరైనా వలలు, గాలాలు బాగుచేసుకోవడానికి ఇదే అదను. సీసం కరిగించి సొంతంగా గుండ్లో, సీసపు తలకాయ ఉన్న జిగ్ గాలాలో పోసుకోవాలనుకునేవాళ్లకూ ఇదే తీరిక. రోహిణి కార్తె కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. ఇంత ఎండలో అచ్చును మళ్లీ వేడి చేసేదేమిటి అనిపిస్తుంది. పోత చెడేది సరిగ్గా అక్కడే. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఎండలో పెట్టిన ఇనుప అచ్చు ముట్టుకుంటే చుర్రుమన్నా దాని వేడి డెబ్భై డిగ్రీలకు అటూఇటే. కరిగిన సీసం లోపలికి దిగీదిగకముందే గడ్డకట్టేస్తుంది.

అందుకే మొదట పోసిన గుండ్ల ఒంటినిండా ముడతలు. కొన్నిటికి తోక సగమే వస్తుంది. అది చూసి మంట పెంచేవాళ్లే ఎక్కువ. దానివల్ల పైన తెట్టు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. మంట పక్కనే పెట్టి అచ్చును బాగా కాగనివ్వాలి. తొలి నాలుగైదు పోతలు ఎలాగూ పాడవుతాయి కాబట్టి వాటిని తిరిగి సీసం కాగే మూకుట్లో వేసేయాలి. అప్పటికి అచ్చు దారికొస్తుంది. జిగ్ పోసేటప్పుడు గాలపు కాడ కూడా చల్లగా ఉండకూడదు, దాని మీద నూనె అసలే ఉండకూడదు. నూనె పొగలై సీసంలో బుడగలు వదులుతుంది. అచ్చు లోపలికి దీపం మసి పట్టిస్తే సీసం మూలమూలలకూ పారుతుంది. అప్పటికీ ఒక మూల నిండకపోతే లోపల గాలి చిక్కుకున్నట్టే. ఆ మూల నుంచి బయటికి సన్నని గీత గీస్తే చాలు.

పోసిన చోట గుండు నెత్తిన గుంట పడుతోందా? సీసం గట్టిపడేటప్పుడు నూటికి మూడున్నర వంతుల దాకా కుంచించుకుపోతుంది. అచ్చు మూతి మీద కాస్త ఎక్కువ సీసం నిలబెడితే, లోపల తగ్గినంత పైనుంచి దిగుతుంది. చుట్టూ ఆకులాంటి పలచని రేకు వస్తే అచ్చు రెండు ముక్కలూ సరిగా మూసుకోలేదని. గుండు మంచు పట్టినట్టు తెల్లగా వచ్చిందంటే వేడి మరీ ఎక్కువైంది. అది చూపుకే లోపం, చేప పట్టించుకోదు.

అసలు ప్రమాదం తడి. నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి. పైన పడిన చెమట చుక్క చిటపటలాడి పోవచ్చు గానీ, తడి సీసం అడుగున చేరితే కాగిన సీసమంతా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పాత వల నుంచి కోసిన గుండ్లను చూడండి: బెజ్జంలో తాడు పోగు, దాని చుట్టూ ఉప్పు, ఆ ఉప్పు పట్టి ఉంచిన చెమ్మ. వీటిని కాగుతున్న మూకుట్లో వేయనే వేయకూడదు. చల్లని మూకుట్లో వేసి, సీసంతోపాటే మెల్లగా కాగనివ్వాలి. మూకుడు ఇనుపదై ఉండాలి, మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. సీసానికి ఇంతవరకు పర్వాలేదు అనే మోతాదేదీ లేదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తీసేసిన తెట్టు దుమ్ములోనూ, కడగని చేతులతో తినే ముద్దలోనూ ఉంది విషం. పిల్లలు ఆ చుట్టుపక్కలకే రాకూడదు.

ఇంత బెడద ఉన్నా సీసమే ఎందుకు? నీటి కంటే 11 రెట్లకు పైగా బరువు కాబట్టి. వంద గ్రాముల సీసం సముద్రపు నీటిలో 91 గ్రాములు తూగుతుంది. కాల్చిన మట్టి గుండైతే సగానికి సగం బరువు నీళ్లపాలే. ఈ తీరానికి సీసం కొత్తదీ కాదు. శాతవాహనులు సీసంతో నాణేలు వేయించారు. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నవి కోరమాండల్ తీరంలో దొరికాయి.

అయితే సీసం చేటు మనుషులకే కాదు. హంసలు సీసపు గుండ్లు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో సుమారు 28 గ్రాముల లోపు గుండ్లలో చాలావాటి అమ్మకాన్ని ఆపేసింది. స్పెయిన్, మెక్సికోల్లో ఫ్లెమింగోలు తుపాకీ రవ్వల సీసంతో చచ్చిపోయాయి. మన పులికాట్ సరస్సు‌కు వచ్చేవీ బురద వడకట్టుకుని తినే ఆ జాతి పక్షులే. మిగిలిన సీసపు తుంపులను అక్కడ విసిరేయకండి.

ఇక ముడిసరుకు. వల తాడుకు నొక్కి బిగించే గుండ్లకు గోరుతో గీరితే గీత పడే మెత్తని సీసం కావాలి. జిగ్గులకు టైర్ల షాపులో దొరికే బ్యాలెన్సింగ్ బరువులు నయం. వాటిలోని ఆంటిమొనీ గట్టిదనాన్నిస్తుంది. పాత బ్యాటరీ పలకలు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. వాటిలో ఆమ్లమూ, విషవాయువులకు దారితీసే సరుకూ ఉంటాయి. టైర్ల బరువుల్లో జింకువీ కలిసి ఉంటాయి. కాస్త జింకు కలిసినా సీసం గంజిలా చిక్కబడి అచ్చులోకి దిగదు. జింకు కరిగేది 419 డిగ్రీల దగ్గర, పైగా సీసం కంటే తేలిక. మూకుడు వేడి 400 దాటనీయకపోతే ఆ ముక్కలు కరగకుండా పైకి తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు. ముందే ఏరుకోవాలంటే కటింగ్ ప్లయరుతో కొరికి చూడండి. సీసం మెత్తగా దిగబడుతుంది, జింకు మొండికేస్తుంది.