సూత్రానికి పేరు, మనిషికి కులం

ఇంటిపేరు అడగడమంటే మన ప్రాంతంలో చాలాసార్లు కులం అడగడమే. తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ ప్రశ్న ఒంటరిగా రాదు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉండవచ్చు కనుక, ఆ వెంటనే ‘ఏ ఊరు?’ అని, ఆపైన ‘ఊళ్లో ఎటువైపు?’ అని అడుగుతారు. మూడో జవాబుతో అడిగినవారి లెక్క తేలిపోతుంది. ఎస్సీలకు కేటాయించిన ఈ నియోజకవర్గంలో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్న నాకు, ఇదే ఇంటిపేరు పాఠ్యపుస్తకంలో పూర్తిగా వేరే పని చేస్తూ కనిపిస్తుంది.

భౌతికశాస్త్రం మనుషుల పేర్లను కొలమానాలుగా, సూత్రాలుగా మార్చుకుంటుంది. న్యూటన్ బలానికి ప్రమాణం, ఓమ్ విద్యుత్ నిరోధానికి ప్రమాణం. సత్యేంద్రనాథ్ బోస్ పేరు నుంచి 1945లో డిరాక్ ‘బోసాన్’ అనే మాటను పుట్టించాడు. నేడు అది ఒక కణజాతికి సామాన్య నామం. ఆ మాట పలికే విద్యార్థి బోస్ ఏ కులంవాడని ఆలోచించడు. అక్కడ పేరు మనిషి చేసిన పనికి గుర్తు, పుట్టుకకు కాదు.

మన పొరుగు ఊళ్లలో చదువుకున్న ఒకరి పేరు కూడా ఆ జాబితాలో ఉంది. 1920లో హడగలిలో జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు బాల్యవిద్య గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. 1945లో ఆయన ప్రచురించిన ఒక ఫలితాన్ని స్వీడన్ గణితవేత్త క్రామర్ స్వతంత్రంగా సాధించాడు. దానికి ‘క్రామర్-రావు హద్దు’ అని పేరు. పరికరం ఎంత మంచిదైనా, చేతిలో ఉన్న సమాచారం ఒక కొలతలోని అనిశ్చితిని ఎంతవరకు తగ్గించనిస్తుందో ఆ హద్దు చెబుతుంది. దాని క్వాంటం రూపాన్ని నేటి భౌతికశాస్త్రజ్ఞులు విరివిగా వాడుతున్నారు. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. ఆయన ఇంటిపేరు కల్యంపూడి. తండ్రి పేరు చివర ‘నాయుడు’, కొడుకు పేరు చివర ‘రావు’. ప్రపంచం ఆ చివరి మాటనే ఇంటిపేరు అనుకుని సూత్రానికి పెట్టుకుంది. మనం వంశాన్ని, కులాన్ని పసిగట్టడానికి వాడే మాటలతో సూత్రానికి పనే పడలేదు.

అయితే, విజ్ఞానశాస్త్రానికి కులం లేదు కాబట్టి శాస్త్రజ్ఞుల లోకానికీ కులం లేదనడం పొరపాటు. మేఘనాద్ సాహా జీవితమే ఇందుకు సాక్ష్యం. 1893లో ఢాకా సమీపంలోని శేవ్‌రాతలి గ్రామంలో, చిన్న కిరాణా దుకాణం నడిపే కుటుంబంలో ఆయన పుట్టాడు. బెంగాల్‌లో ‘సాహా’ అన్నది ఒక వర్తక కులాన్ని సూచించే పేరు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి ఈడెన్ హిందూ హాస్టల్లో ఉన్నప్పుడు, అగ్రవర్ణ విద్యార్థులు ఆయనతో కలిసి భోంచేయడానికి అభ్యంతరం చెప్పారు. సరస్వతీ పూజలోనూ ఆయనకు అవమానమే ఎదురైంది. చదువుల తల్లి ముందే చదువుకునే పిల్లవాడికి ఆ అనుభవం.

అదే సాహా 1920లో ఒక సమీకరణం ఇచ్చాడు. ఒక ఉష్ణోగ్రత, ఒక పీడనం వద్ద వాయువులోని పరమాణువుల్లో ఎన్ని ఎలక్ట్రాన్ కోల్పోయి అయాన్లుగా మారతాయో అది లెక్కగడుతుంది. నక్షత్రాల వర్ణపటంలోని గీతల అర్థం దాంతో తెలిసింది. 1925లో సిసిలియా పేన్ ఆ సమీకరణం ఆధారంగానే నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజన్ అని చూపింది. భోజనాల వరుసలో ఏ పేరు అడ్డుగోడ అయిందో, ఆ పేరే నక్షత్రాలను చదివే పనిముట్టు అయింది. ఆ గోడ కట్టినవారిని ఏ సమీకరణమూ గుర్తుపెట్టుకోలేదు.

ఈ కథను ప్రతిభ గెలిచిన కథగా చెప్పి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. నేను దాన్ని వేరే విధంగా చదువుతాను. సాహా నిలిచాడు సరే, అదే వరుసలోంచి లేచి ఇంటికి వెళ్లిపోయినవారు ఎందరు? వారి పేర్లు సూత్రాల దాకా రాలేదు కనుక లెక్కకూ రాలేదు. మన పాఠ్యపుస్తకాల్లో దళితుల పేరుతో ఒక్క సూత్రమూ కనిపించకపోతే లోపం ఆ పిల్లల మెదళ్లలో వెతకకూడదు. ప్రయోగశాల తలుపు దగ్గర, హాస్టల్ గదిలో, మౌఖిక పరీక్ష మార్కుల్లో వెతకాలి.

మన కాలానికి వస్తే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల విజ్ఞానశాస్త్ర రచయిత కావాలని కోరుకున్నాడు. 2016 జనవరి 17న ఆయన ప్రాణాలు తీసుకున్నాక, అధికార యంత్రాంగం ఎక్కువ శ్రమ పెట్టింది ఆయన కులమేదో తేల్చడం మీద. నక్షత్రాల గురించి రాయాలనుకున్న యువకుడి పేరు చివరికి విచారణ నివేదికలోకి ఎక్కింది.

కనుక అధ్యాపకులు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. తరగతిలో తొలిరోజు పరిచయాల్లో ఇంటిపేరు, ఊరు తవ్వడం మానాలి. ర్యాంకు వినగానే ‘ఏ కేటగిరీ?’ అనే ప్రశ్న ఆపాలి. సాహా సమీకరణం చెప్పిన రోజునే ఆయన హాస్టల్ అనుభవమూ చెప్పాలి. అది పాఠానికి బయటి విషయం కాదు, ఆ పాఠం మన దాకా రాకుండా పోయేదే అన్న హెచ్చరిక. ఇక చట్టం సంగతి. రోహిత్ పేరు ఏ సూత్రానికీ దక్కలేదు. విద్యాసంస్థల్లో కులవివక్షను శిక్షించే చట్టానికి ఆ పేరు పెట్టాలని విద్యార్థులు ఏళ్లుగా అడుగుతున్నారు. కనీసం ఆ పేరైనా పుస్తకంలోకి ఎక్కాలి.