రంగుకు ముందు గుడ్డ

కారుకు రంగు వేయించదలచిన గృహస్థు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఏ రంగు? ఎంత ఖర్చు? రంగు పడబోయే రేకును ఏ గుడ్డతో తుడుస్తారన్న మూడవ ప్రశ్న అతనికి తోచదు. నాకూ తోచలేదు. కొన్నేళ్ల క్రిందట మా కారు బోనెట్‌కు రంగు వేయించాను. మరునాడు ఎండలో చూడగా, అద్దంవలె ఉండవలసిన ఆ నునుపులో కందిగింజంత గుంటలు పది పన్నెండు కనిపించినవి. రంగు మంచిదే, పెయింటరూ నేర్పరే. ఆరా తీయగా, అంతకు ముందు టైర్లకు మెరుగుద్రవం పూసిన గుడ్డనే ఉతికి రేకు తుడిచినారని తేలినది. పని మళ్లీ మొదటికి వచ్చినది. పాత పూతను అరగదీయడం, తిరిగి రంగు, తిరిగి ఖర్చు.

అటువంటి మెరుగుద్రవాలలో తరచుగా సిలికోన్ అనే పదార్థం ఉంటుంది. అది రేకుమీద లవలేశం నిలిచినా చాలు, ఆ చోట తడి రంగు పరచుకొనక నాలుగు వైపులకూ తొలగిపోతుంది. నడుమ గుంట మిగులుతుంది. రంగుపనివారు దీనిని ‘ఫిష్ ఐ’, అనగా చేపకన్ను అంటారు. సిలికోన్ అంటిన గుడ్డ ఒక్క ఉతుకుతో శుభ్రపడదు.

ఇంత స్వల్పమైన మలినం ఇంత చేటు చేయడానికి కారణం పూత యొక్క పలుచదనమే. కారుపై చివరగా వేసే పారదర్శకమైన పొర మందం ఇంచుమించు 40 నుండి 60 మైక్రాన్లు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుకే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. గుడ్డనుండి ఊడిన నూలుపోగు ఒక్కటి ఆ పొరలో చిక్కుకొన్నదంటే, నున్నని గచ్చుమీద పడిన తాడువలె కంటికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

మన హైదరాబాదు పడమటి భాగాన ఈ జాగ్రత్త మరింత అవసరం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత, హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో బండలు పగులగొట్టి, పునాదులు తవ్వి, ఎన్నో భవనాలు లేపినారు. ఆ బండలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు. దాని ధూళిలో ఇనుముకంటె గట్టిదైన క్వార్ట్జ్ ఉన్నది. ఆ ధూళిని పొడిగుడ్డతో ఒత్తి తుడిస్తే గుడ్డే ఎమరీ కాగితమవుతుంది. కనుక ముందుగా నీటితో కడగవలెను. అయితే ఇక్కడ చాలచోట్ల బోరునీరు కఠినజలం. అది రేకుమీద ఎండితే తెల్లని మరకలై లవణాలు మిగులుతాయి. రంగు క్రింద చిక్కిన లవణం వానకాలంలో తేమను లాగి పూతను బొబ్బలెక్కిస్తుంది. బొబ్బ పగిలిన చోట త్రుప్పు పుడుతుంది. కావున నీరు ఆరకముందే శుభ్రమైన గుడ్డతో అద్దవలెను.

మంచి గుడ్డకు లక్షణం ఒక్కటే. రేకునుండి మలినాన్ని తీసుకొనవలెనే గాని రేకుకు ఏమీ ఇవ్వరాదు. ఈ కొలతతో ఇంటిలోని గుడ్డలను మనమే ఏరుకొనవచ్చును. ఎన్నోసార్లు ఉతికిన పాత తెల్ల పంచె మేలైనది. ఊడవలసిన నూగు చాలవరకు అప్పటికే ఊడి ఉంటుంది. కాని గంజి పెట్టినది, నీలిమందు వేసినది, బట్టలను మెత్తబరచే ద్రవంలో ముంచినది పనికిరాదు. తువాలు నీటిని బాగా పీల్చినా పోగులు రాలుస్తుంది. రంగు చీరముక్క ద్రావకం తగిలితే తన రంగు వదలవచ్చును. జరీ అంచు, గుండీ, లావుపాటి కుట్టు గీతలు పెడతాయి. తూకానికి కొనే బనియన్ గుడ్డల మూటలో ఏ ముక్క పూర్వం దేనికి వాడినదో చెప్పలేము. వానిని చేతులు తుడుచుకొనడానికి ఉంచండి. మైక్రోఫైబర్ గుడ్డ సన్నని ధూళిని చక్కగా పడుతుంది. అది నేలపై పడినా, పాలిష్ తగిలినా మళ్లీ రేకు దరికి రానీయరాదు. ఈ పనికే చేసిన, నేయని కాగితంవంటి గుడ్డలు రంగుల దుకాణాలలో లభిస్తాయి. ఒకసారి వాడి పారవేసే ఆ గుడ్డలే చివరి తుడుపునకు శ్రేష్ఠం.

తుడుపునకు రెండు గుడ్డలు కావలెను. మొదటిదానితో జిడ్డు తొలగించే ద్రావకం పూసి, అది ఆరకముందే రెండవ పొడిగుడ్డతో ఎత్తివేయవలెను. ఆరనిస్తే కరిగిన జిడ్డు తిరిగి అక్కడే కూర్చుంటుంది. వేసవిలో ద్రావకం త్వరగా ఆవిరవుతుంది గనుక, నీడలో, కొంచెం కొంచెం మేరగా చేయవలెను. కిరసనాయిలు జిడ్డుపొర మిగులుస్తుంది. పెట్రోలు నిప్పుకు చుట్టం. తుడిచిన రేకును వట్టిచేతితో నిమరరాదు. చెమటలోని ఉప్పు, నూనె అంటుకొంటాయి. రంగు చల్లబోయే ముందు, జిగురు పట్టించిన పలుచని ‘టాక్ క్లాత్’ను పూర్తిగా విప్పి, వదులుగా పోగుచేసి, తేలికగా పైపైన నడపవలెను. ఒత్తితే ఆ జిగురే రేకుకు అంటి కొత్త మలినమవుతుంది.

గుడ్డపై సందేహం కలిగితే ఒక పరీక్ష గలదు. శుభ్రమైన అద్దపు పలకను అదే ద్రావకంతో, అదే గుడ్డతో తుడిచి వెలుగుకెదురుగా పట్టి చూడండి. నూగు గాని, పొగమంచువంటి చార గాని కనిపించినదా, ఆ గుడ్డను ప్రక్కన పెట్టండి.

వాడిన గుడ్డలను కుప్పవేయకండి. ద్రావకం పీల్చిన గుడ్డకు నిప్పురవ్వ చాలును. వానిని మూత గల ఇనుపడబ్బాలో, పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచవలెను.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ మూడవ ప్రశ్న కూడ అడగండి. పెయింటరు విసుగుకొనడు, పనిని గౌరవించే మనిషి దొరికినాడని సంతోషిస్తాడు.