మరిగిస్తే కరిగిపోయే ప్రొటీన్

1845 నవంబరులో లండన్ వైద్యుడు, రసాయనవేత్త హెన్రీ బెన్స్ జోన్స్‌కు ఒక గాజు గొట్టంలో మూత్రం, దాంతోపాటు ఒక చీటీ అందాయి. రోగి ఎముకల నొప్పులతో మంచం పట్టిన కిరాణా వ్యాపారి. ఇదేమిటో తేల్చమని చీటీ రాసింది డాక్టర్ థామస్ వాట్సన్.

మూత్రంలో మామూలుగా పోయే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ వేడికి గడ్డకడితే, ఉడికిన తెల్లసొనలాగే, మళ్లీ కరగదు. ఈ రోగి మూత్రంలోని పదార్థం మాత్రం నత్రికామ్లం పోసి కాసేపు ఉంచితే గడ్డకట్టింది, వేడిచేస్తే కరిగింది, చల్లారగానే మళ్లీ పేరుకుంది. ఈ వింతను ముందుగా పట్టింది మరో వైద్యుడు విలియం మెకిన్‌టైర్. ఆయన వ్యాసం 1850లో వచ్చేసరికి బెన్స్ జోన్స్‌వి అచ్చయిపోయాయి. పేరు జోన్స్‌కే దక్కింది. అన్యాయమే. కాకపోతే ఎముకలు మెత్తబడిన రోగులందరిలో దీనికోసం వెతకమని చెప్పిన ముందుచూపు జోన్స్‌దే. రోగి 1846 మొదట్లోనే చనిపోయాడు. శవపరీక్షలో పక్కటెముకలు కత్తికి సులువుగా తెగాయి.

ఆ రోగి జబ్బు మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్. అలా క్యాన్సర్‌కు తొలి రసాయన ఆనవాలు దొరికింది. అదేమిటో తెలియడానికి మాత్రం 1962 దాకా ఆగాల్సి వచ్చింది. యాంటీబాడీలో రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. న్యూయార్క్‌లో జెరాల్డ్ ఎడెల్మన్, జోసెఫ్ గాలీ మైలోమా రోగుల యాంటీబాడీని విడదీసి చూస్తే, తేలిక గొలుసులు వేడికి అచ్చం బెన్స్ జోన్స్ ప్రొటీన్‌లాగే ప్రవర్తించాయి. ఎముకల మూలుగలో క్యాన్సర్ పట్టిన ప్లాస్మా కణాలు వాటిని అవసరానికి మించి తయారుచేస్తాయి. చిన్నవి కాబట్టి మిగులు కిడ్నీ వడపోత దాటి మూత్రంలోకి వచ్చేస్తుంది.

ఇక్కడో చిక్కుంది. ల్యాబుల్లో మూత్రంలో ముంచే రంగుపట్టీ ప్రధానంగా ఆల్బుమిన్‌నే పసిగడుతుంది. ఈ గొలుసులు దండిగా పోతున్నా రిపోర్టులో ప్రొటీన్ ‘నిల్’ అని రావచ్చు. 2001లో బర్మింగ్‌హామ్‌లో ఆర్థర్ బ్రాడ్‌వెల్ బృందం ఈ గొలుసులను రక్తంలోనే కొలిచే పరీక్ష తెచ్చింది. బరువు గొలుసుకు అతుక్కుని ఉన్నప్పుడు తేలిక గొలుసులో ఒక పక్క దాగి ఉంటుంది, విడిపోతేనే బయటపడుతుంది. పరీక్షలోని యాంటీబాడీలు ఆ పక్కనే పట్టుకుంటాయి. తేలిక గొలుసుల్లో కప్పా, లాంబ్డా అని రెండు రకాలు. వాటి నిష్పత్తి సాధారణంగా 0.26 నుంచి 1.65. క్యాన్సర్ కణాలు ఒకే రకాన్ని పోస్తుంటాయి గనుక తూకం ఒకవైపు ఒరుగుతుంది.

జబ్బు ముందుముందు ఎలా ఉంటుందో చెప్పేది ఇంకో రోగనిరోధక అణువు, బీటా-2 మైక్రోగ్లోబులిన్. 2005 నాటి అంతర్జాతీయ వర్గీకరణలో లీటరుకు 5.5 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మూడో దశ. అయితే కిడ్నీలు దెబ్బతిన్నా అది పెరుగుతుంది. అందుకే అనుభవమున్న డాక్టరు ఆ అంకె పక్కనే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో చూస్తారు.