దూరాన యజమాని, ఊళ్లో ఇల్లు

గోదావరి ఒడ్డున వెలసిన ధర్మపురి నరసింహ క్షేత్రంగా ప్రసిద్ధి. ఆ చుట్టుపక్కల గ్రామాల నుండి కొన్ని దశాబ్దాలుగా అనేకులు బ్రతుకుతెరువు కొరకు గల్ఫ్ దేశాలకు తరలిపోతున్నారు. వారి కష్టార్జితంలో అధిక భాగం స్వగ్రామంలోని ఇంటికే చేరుతున్నది.

పాత గూనపెంకుల ఇంటిని బాగుచేయించటం దగ్గరుండి చూచుకొన్నా తేలిక కాదు. ఎడారి దేశంలో ఉన్నవానికి అది మరింత దుష్కరం. పూర్వం ఉత్తరానికి జవాబు వచ్చేలోగా గోడ లేచిపోయేది. నేడు మేస్త్రి ఫోనులోనే పని చూపుతున్నాడు. అయినను బొమ్మలో రంగు కనబడుతుంది గాని, దూలం లోపలి చెద కనబడదు.

అందుచేత వివేకవంతుడు కప్పు విప్పించి, దూలాలను, వాసాలను పరీక్షింపజేసిన పిమ్మటనే ఖర్చు నిర్ణయించుకోవాలి. జరిగిన పనికే పైకం పంపాలి. గోడలో మరుగుపడే తీగలను, గొట్టాలను పూత పడకముందే చూడాలి. సిమెంటు పనిని కనీసం వారం రోజులు తడపాలి. తొలకరి జూన్‌లో దిగుతుంది గనుక కప్పు పని ఆలోపే ముగించాలి.

వీటన్నింటికీ ఊళ్లో నిలబడి చూచే మనిషి కావాలి. తరచుగా ఆ భారం ఇల్లాలిదే. ఇసుక, ఇటుక, కూలీల లెక్క, మేస్త్రితో వాదం అన్నీ ఆమెవే. దుబాయి సొమ్ముతో ఇల్లు లేచిందని ఊరంటుంది. ఆమె శ్రమ కూడా ఆ లెక్కలో చేరటం న్యాయం.